‘రేపు క్లాసుందా?’ ఇంగ్లీషులో ఎలా అడగాలి: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

క్లాసు వేళలు, మార్పులు, సెలవులు, సెక్షన్ల గురించి ఇంగ్లీషులో అడగాల్సి వచ్చినప్పుడు ఏ మాట వాడాలో తేలడం లేదని ఈసారి చాలా ఉత్తరాలు వచ్చాయి. వాటిలో కొన్నింటికి ఇక్కడ జవాబులు ఇస్తున్నాం. ఇంగ్లీషు వాక్యాలను తెలుగు లిపిలోనే రాశాం. పైకి చదువుకుంటే త్వరగా నోటికి పడతాయి.

ప్రశ్న: ‘టుమారో క్లాస్ ఈజ్ దేర్?’ అని అడగడం మాకు అలవాటు. అది తప్పని మా లెక్చరర్ అంటున్నారు. ఎందుకు తప్పో, ఎలా అడగాలో చెప్పండి.
– ఇంజినీరింగ్ విద్యార్థి, కాకినాడ

జవాబు: అది ‘రేపు క్లాసు ఉందా?’ అన్న తెలుగు వాక్యమే. మాటలు మాత్రం ఇంగ్లీషువి. తెలుగులో ‘ఉంది’ అనే ఒక్క క్రియతో రెండు పనులు సాగుతాయి. ‘పుస్తకం బల్ల మీద ఉంది’ అంటే వస్తువు ఎక్కడుందో చెప్పినట్టు. ‘నాకు పని ఉంది’ అంటే నాకు సంబంధించిన సంగతి చెప్పినట్టు. ఇంగ్లీషులో మొదటిదానికి ‘ఈజ్’, రెండోదానికి ‘హ్యావ్’. క్లాసు రెండో కోవలోకి వస్తుంది. కాబట్టి ‘డూ వి హ్యావ్ క్లాస్ టుమారో?’ అనాలి. ‘ఈజ్ దేర్ క్లాస్ టుమారో?’ అన్నా సరైనదే, కాకపోతే ‘ఈజ్ దేర్’ ముందుకు రావాలి. రెంటిలోనూ రోజు పేరు చివరికి వెళ్తుంది, ‘క్లాస్’ ముందు ‘ఎ’ రాదు. మీరు రోజూ వెళ్లే క్లాసు గురించి అడుగుతున్నారు కాబట్టి ‘ఎ’ అక్కర్లేదు. ‘ఎ క్లాస్’ అంటే ఎన్నో క్లాసుల్లో ఏదో ఒకటి.

‘ఐ యామ్ హ్యావింగ్ క్లాస్ డైలీ ఎట్ నైన్’ అనకూడదు. రోజూ ఉండేదానికి ‘ఐ హ్యావ్ క్లాస్ ఎవ్రీ డే ఎట్ నైన్’ అనాలి. అలాగని ‘హ్యావింగ్’ ఎప్పుడూ తప్పేనని కొందరు నేర్పుతారు, అది సరికాదు. పెద్ద వాన పడుతోంది, మామూలుగా జరిగే క్లాసు ఇవాళ జరుగుతుందో లేదో తెలియదు. అప్పుడు ‘ఆర్ వి హ్యావింగ్ క్లాస్ టుడే?’ అన్నదే సహజమైన ప్రశ్న.

ఎట్, ఆన్, ఇన్ చిక్కు కూడా ఇక్కడే తీర్చుకోండి. గంటకు ‘ఎట్’, వారానికీ తేదీకీ ‘ఆన్’, గదికి ‘ఇన్’: ఎట్ నైన్, ఆన్ మండే, ఇన్ రూమ్ 204. టుమారో, దిస్, నెక్స్ట్, ఎవ్రీ ఉన్నచోట ఏదీ పెట్టవద్దు. ‘ఆన్ టుమారో’, ‘ఆన్ నెక్స్ట్ మండే’ అన్నవి మనవాళ్ల నోట చాలా తరచుగా వినిపించే పొరపాట్లు.

ఇంకొకటి. ‘కెన్ యూ టెల్ మి వేర్ ఈజ్ ద క్లాస్?’ అని అడుగుతుంటారు. ‘వేర్ ద క్లాస్ ఈజ్’ అనాలి. ఇదేదో కొత్త నియమమని బెదరకండి, తెలుగులోనూ మనం ఇలాంటి పనే చేస్తాం. విడిగా అడిగితే ‘క్లాసు ఎక్కడ?’ అంటాం. దాన్నే ఇంకో వాక్యంలో ఇమిడిస్తే ‘క్లాసు ఎక్కడో చెబుతారా?’ అంటాం. ‘ఎక్కడ’ కాస్తా ‘ఎక్కడో’ అయింది. మనం మాట చివర ‘ఓ’ చేర్చే చోట ఇంగ్లీషువాళ్లు మాటల వరుస మారుస్తారు. తెలుగులో ‘ఎప్పుడో’, ‘ఎక్కడో’, ‘ఎంతో’ అని వచ్చిందంటే ఇంగ్లీషులో ‘ఈజ్’ వెనక్కి వెళ్లాలని గుర్తు పెట్టుకోండి.

ప్రశ్న: ఈ ఆగస్టులో ఎం.ఎస్. చదవడానికి అమెరికా వెళ్తున్నాను. ఇక్కడ మేం వాడే బ్యాచ్, ఫ్యాకల్టీ, టైమింగ్స్, డౌట్, ఆఫ్‌లైన్ క్లాస్ లాంటి మాటలు అక్కడ అర్థమవుతాయా? ఏవి మార్చుకోవాలి?
– హైదరాబాద్ పాఠకురాలు

జవాబు: ఈ మాటలన్నింటినీ ఒకే గాటన కట్టకండి. కొన్ని వింతగా వినిపించినా అర్థమవుతాయి. ‘వాట్ ఆర్ ద క్లాస్ టైమింగ్స్?’ అంటే ఎవరైనా గ్రహిస్తారు. ‘వాట్ టైమ్ ఈజ్ ద క్లాస్?’ అన్నది వాళ్ల వాడుక. అక్కడ నెల రోజులుంటే అదే అలవాటవుతుంది, దీనికి బెంగ పడక్కర్లేదు.

జాగ్రత్త పడాల్సింది వేరే రకం మాటలతో. అవి అక్కడా రోజూ వాడేవే, అర్థం మాత్రం వేరు. మీరు ఒకటి అడుగుతారు, వాళ్లు ఇంకొకటి అర్థం చేసుకుని జవాబిస్తారు. పొరపాటు జరిగిందని ఇద్దరికీ తెలియదు. మీరు మొదట నేర్చుకోవాల్సింది వీటినే.

‘డ్రాప్’తో మొదలుపెడదాం. రేపు ఒక్కరోజు క్లాసుకు వెళ్లనని చెప్పడానికి ‘ఐ యామ్ డ్రాపింగ్ టుమారోస్ క్లాస్’ అనకండి. అక్కడ ‘డ్రాప్’ అంటే ఆ సబ్జెక్టుకు రిజిస్ట్రేషనే రద్దు చేసుకోవడం. సెమిస్టర్ మొదట్లో ‘యాడ్-డ్రాప్’ గడువు ఉంటుంది. అది దాటాక మానుకుంటే ‘విత్‌డ్రా’ అంటారు, ట్రాన్‌స్క్రిప్టులో ‘డబ్ల్యూ’ పడుతుంది. ఎఫ్-1 వీసా, అంటే విద్యార్థి వీసా మీద ఉన్నవారికి ఇది ఇంకా పెద్ద విషయం. ఫాల్, స్ప్రింగ్ సెమిస్టర్లలో పూర్తికాల విద్యార్థిగా ఉండాలి. బ్యాచిలర్స్‌కు 12 క్రెడిట్లు, మాస్టర్స్‌కు యూనివర్సిటీ నిర్ణయించినన్ని, చాలాచోట్ల 9. ఇంటర్నేషనల్ ఆఫీసులో విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే అధికారి (డీఎస్‌ఓ) అనుమతి లేకుండా అంతకన్నా తగ్గితే వీసా స్థితికే ముప్పు. ఒక్కరోజు మానడానికి ‘ఐ వోంట్ బి ఇన్ క్లాస్ టుమారో’ లేదా ‘ఐ హ్యావ్ టు మిస్ క్లాస్ టుమారో’ అంటే చాలు.

‘లీవ్’ కూడా ఇలాంటిదే. ‘ఐ వాంట్ టు టేక్ లీవ్’ అని యూనివర్సిటీ ఆఫీసులో అంటే ‘లీవ్ ఆఫ్ ఆబ్సెన్స్’ అనుకునే ప్రమాదం ఉంది. అంటే ఒక సెమిస్టరో, అంతకన్నా ఎక్కువో చదువు ఆపడం. దాని ఫారాలు మీ చేతికొచ్చేదాకా ఎక్కడ తేడా వచ్చిందో మీకు తెలియదు.

‘కోర్స్’ అంటే మనకు మొత్తం బీటెక్. అమెరికాలో ‘కోర్స్’ అంటే ఒక్క సబ్జెక్టు, మొత్తం చదువు ‘ప్రోగ్రామ్’ లేదా ‘డిగ్రీ’. బ్రిటన్‌లో ఇందుకు తిరుగుడు: అక్కడ మొత్తం చదువే ‘కోర్స్’, ఒక్క సబ్జెక్టు ‘మాడ్యూల్’. ‘హౌ మెనీ కోర్సెస్ ఆర్ యూ టేకింగ్?’ అని అమెరికాలో అడిగితే ఈ సెమిస్టర్‌కు మూడో నాలుగో అని చెప్పాలి, ‘వన్, ఎం.ఎస్.’ అని కాదు.

‘ఆఫ్‌లైన్ క్లాస్’ అంటే మనకు గదిలో కూర్చునే క్లాసు. వాళ్లకు ‘ఆఫ్‌లైన్’ అంటే నెట్ తెగిపోవడం, లేదా ‘దీని గురించి తర్వాత విడిగా మాట్లాడుకుందాం’ అనడం. గది క్లాసును ‘ఇన్ పర్సన్’ అంటారు. రిజిస్టర్ చేసుకునే ముందు ‘ఈజ్ దిస్ సెక్షన్ ఇన్ పర్సన్ ఆర్ ఆన్‌లైన్?’ అని తప్పక అడగండి. ఎఫ్-1 వారికి పూర్తికాలపు లెక్కలోకి సెమిస్టర్‌కు ఒక్క ఆన్‌లైన్ క్లాసు మాత్రమే, అదీ 3 క్రెడిట్ల వరకే వస్తుంది. ‘ఎసింక్రనస్’ అని రాసి ఉంటే వేళ లేని, రికార్డు చేసిన పాఠాల క్లాసు. ‘సింక్రనస్’ అంటే చెప్పిన గంటకు నెట్‌లో ఉండాలి. కొంత గదిలో, కొంత నెట్‌లో జరిగేది ‘హైబ్రిడ్’.

‘ఫ్యాకల్టీ’ అంటే బోధకులందరూ కలిసి. ఒకరిని ‘మై ఫ్యాకల్టీ’ అనరు, ‘మై ప్రొఫెసర్’ లేదా ‘మై ఇన్‌స్ట్రక్టర్’ అంటారు. ‘బ్యాచ్’ను మనుషులకు వాడరు. ల్యాబ్ బ్యాచ్‌ను ‘ల్యాబ్ సెక్షన్’ అంటారు, 2024 బ్యాచ్‌ను ‘క్లాస్ ఆఫ్ 2024’ అంటారు. ‘పాస్డ్ ఔట్ ఇన్ 2024’ అంటే స్పృహ తప్పి పడిపోయానని, ‘గ్రాడ్యుయేటెడ్’ అనండి. ‘ట్యూషన్’ అమెరికాలో యూనివర్సిటీకి కట్టే ఫీజు. విడిగా పాఠం చెప్పించుకుంటే ‘ట్యూటరింగ్’. పరీక్షకు ముందు పాఠాలు మళ్లీ చూసుకోవడం వాళ్లకు ‘రివ్యూ’, బ్రిటన్‌లో ‘రివైజ్’. అమెరికాలో ‘రివైజ్’ అంటే రాసినదాన్ని దిద్ది మళ్లీ రాయడం.

‘డౌట్’ను మాత్రం తేలిగ్గా తీసుకోకండి. ‘ఐ హ్యావ్ ఎ డౌట్ ఎబౌట్ వాట్ యూ సెడ్’ అంటే ‘మీరు చెప్పింది నిజమో కాదో అని నాకు అనుమానం’ అన్న ధ్వని వస్తుంది. మనం నేర్చుకోవడానికి అడుగుతున్నాం, వాళ్లకు తప్పు పట్టినట్టు వినిపిస్తుంది. ‘ఐ హ్యావ్ ఎ క్వశ్చన్’ అన్నదే మాట.

ఇక కాగితం మీద కనిపించేవి. టైమ్‌టేబుల్‌ను ‘షెడ్యూల్’ అంటారు. అందులో ‘ఎం డబ్ల్యూ ఎఫ్’ అంటే సోమ, బుధ, శుక్ర. ‘టి ఆర్’ అంటే మంగళ, గురు. ‘టి’ మంగళవారానికి పోయింది కాబట్టి చాలాచోట్ల గురువారానికి ‘ఆర్’ వాడతారు. ‘టీబీఏ’ అంటే ఇంకా ప్రకటించలేదని. ‘సిలబస్’ అంటే పాఠాల జాబితా ఒక్కటే కాదు, మొదటి రోజు ఇచ్చే పత్రం. వేళలు, హాజరు నియమాలు, పరీక్ష తేదీలు, మార్కుల లెక్క, ప్రొఫెసర్‌ను కలిసే సమయం అన్నీ అందులోనే ఉంటాయి. ఏదైనా అడిగే ముందు అది చదవండి. అందులో ఉన్నదాన్నే అడిగితే ‘ఇట్స్ ఇన్ ద సిలబస్’ అన్న ఒక్క ముక్క జవాబు వస్తుంది. అందులో ‘ఆఫీస్ అవర్స్’ అని చూసి, ప్రొఫెసర్ ఆఫీసు పనిలో ఉంటారేమో, వెళ్లకూడదేమో అని ఆగిపోకండి. ప్రశ్నలు అడగడానికి విద్యార్థుల కోసం కేటాయించిన సమయమే అది.

ప్రశ్న: క్లాసుకు రాలేనని, సెక్షన్ మార్చమని ప్రొఫెసర్‌కు ఈమెయిల్ రాయాలి. ‘రెస్పెక్టెడ్ సర్, కైండ్లీ డూ ద నీడ్‌ఫుల్ అండ్ రివర్ట్ యాజ్ ఎర్లీ యాజ్ పాజిబుల్’ అని రాస్తే బాగుంటుందా? మర్యాద తగ్గకూడదు.
– డాలస్‌లో ఎం.ఎస్. చదువుతున్న గుంటూరు విద్యార్థి

జవాబు: మర్యాద కోసమే రాశారని తెలుస్తోంది. అయితే ఆ వాక్యం అక్కడ మర్యాదగా చేరదు. తెలుగులో గౌరవం క్రియ చివర ‘అండి’లో, పేరు చివర ‘గారు’లో ఉంటుంది. ఇంగ్లీషు క్రియకు అలాంటి తోక లేదు. ఆ లోటు పూడ్చడానికే మనం ‘రెస్పెక్టెడ్’, ‘కైండ్లీ’ చేరుస్తాం. ఇంగ్లీషులో ఆ పని ‘కుడ్’, ‘వుడ్’ చేస్తాయి. ‘కైండ్లీ సెండ్’ అంటే అమెరికన్ చెవికి నోటీసు బోర్డు ఆజ్ఞలా ఉంటుంది. ‘కుడ్ యూ సెండ్’ అంటే ‘పంపగలరా అండి’ అన్నట్టుంటుంది. ‘డూ ద నీడ్‌ఫుల్’ అంటే ఏం చెయ్యాలో చదివినవారే ఊహించుకోవాలి. ‘రివర్ట్’ అంటే వాళ్లకు పూర్వస్థితికి మళ్లడం. దాని బదులు ‘ప్లీజ్ లెట్ మి నో’ అనండి. ‘యాజ్ ఎర్లీ యాజ్ పాజిబుల్’ తొందర పెట్టినట్టు ఉంటుంది. గడువు నిజంగా ఉంటే ‘ఇఫ్ పాజిబుల్, బై వెన్స్‌డే’ అని రోజు చెప్పండి.

సబ్జెక్ట్ లైన్‌లో కోర్సు నంబరు, సెక్షన్ నంబరు, విషయం ఉండాలి. ఒక ప్రొఫెసర్ రెండు మూడు కోర్సులు చెబుతుంటారు, ఏ క్లాసో వెతుక్కునే పని వారికి పెట్టవద్దు. సంబోధనకు ‘డియర్ ప్రొఫెసర్’ అని పక్కన వారి ఇంటిపేరు. మొదటి పేరుతో పిలవమని వారే చెబితే తప్ప అది వాడకండి. ‘మైసెల్ఫ్ ఫలానా’ అని మొదలుపెట్టవద్దు. లోపల ఇలా:

‘ఐ యామ్ ఇన్ యువర్ ట్యూస్‌డే-థర్స్‌డే సెక్షన్. ఐ వోంట్ బి ఏబుల్ టు కమ్ టు క్లాస్ దిస్ థర్స్‌డే బికాజ్ ఐ హ్యావ్ ఎ డాక్టర్స్ అపాయింట్‌మెంట్. ఐ విల్ గో త్రూ ద స్లైడ్స్ అండ్ గెట్ నోట్స్ ఫ్రమ్ ఎ క్లాస్‌మేట్. ఈజ్ దేర్ ఎనీథింగ్ ఎల్స్ ఐ షుడ్ డూ బిఫోర్ నెక్స్ట్ క్లాస్? థాంక్ యూ.’

ఇంతే చాలు. కారణం ఒక్క ముక్కలో చెప్పండి, జ్వరం ఎప్పుడు మొదలైందీ ఏ మందు వాడుతున్నదీ అక్కర్లేదు. క్లాసుకు వెళ్లనివాళ్లు మర్నాడు ‘డిడ్ ఐ మిస్ ఎనీథింగ్ ఇంపార్టెంట్?’ అని అడుగుతుంటారు. మాటల్లో తప్పు లేదు, కానీ ముఖ్యం కాని పాఠాలు కూడా చెబుతారన్నట్టు ధ్వనిస్తుంది. పై వాక్యంలో మీరు చేయబోయే పని ముందు చెప్పి, మిగిలింది అడిగారు. అందుకే అది బాగుంటుంది.

సెక్షన్ మార్పు వేరే ఈమెయిల్‌లో అడగండి. రెండు పనులు ఒకే ఉత్తరంలో పెడితే ఒకదానికే జవాబు వస్తుంది. ‘ఐ యామ్ రిజిస్టర్డ్ ఫర్ సెక్షన్ 002, బట్ ఇట్ కాన్‌ఫ్లిక్ట్స్ విత్ మై ల్యాబ్. వుడ్ ఇట్ బి పాజిబుల్ టు స్విచ్ టు సెక్షన్ 004?’ అని రాయండి. రెండు క్లాసులు ఒకే వేళకు పడటాన్ని అమెరికాలో ‘కాన్‌ఫ్లిక్ట్’, బ్రిటన్‌లో ‘క్లాష్’ అంటారు. ఆ సెక్షన్ నిండిపోతే ‘ఈజ్ దేర్ ఎ వెయిట్‌లిస్ట్?’ అని అడగండి. రిజిస్టర్ కాకుండా వెనక కూర్చుని వింటానంటే ‘మే ఐ సిట్ ఇన్ ఆన్ యువర్ క్లాస్?’. ‘ఆడిట్’ అనే మాట దీనికి వాడకండి. అది గ్రేడు లేకుండా అధికారికంగా నమోదు కావడం, దానికి ఫీజు కూడా పడవచ్చు.

ప్రశ్న: ‘ప్రీపోన్’ అసలు ఇంగ్లీషు మాటే కాదంటారు. మరి క్లాసు ముందుకు జరిగిందని ఎలా చెప్పాలి?
– ఉపాధ్యాయుడు, వరంగల్

జవాబు: ‘ప్రీపోన్’ ఇంగ్లీషు మాటే. భారతీయ ఇంగ్లీషు మాటగా ఆక్స్‌ఫర్డ్ నిఘంటువుల్లో ఉంది. మన దేశంలో నిరభ్యంతరంగా వాడండి, ‘పోస్ట్‌పోన్’కు చక్కని జోడీ. విదేశీయులతో మాట్లాడేటప్పుడే మార్చుకోవాలి: అమెరికాలో ‘మూవ్డ్ అప్’, బ్రిటన్‌లో ‘బ్రాట్ ఫార్వర్డ్’. వెనక్కి జరిపితే రెండుచోట్లా ‘పుష్డ్ బ్యాక్’ అంటారు.

అయితే ‘మూవ్డ్ ఫార్వర్డ్’ మాత్రం వాడవద్దు. బుధవారం సమావేశాన్ని రెండు రోజులు ‘మూవ్డ్ ఫార్వర్డ్’ చేశారు, ఇప్పుడది ఏ రోజు అని మనస్తత్వ పరిశోధకులు ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవారినే అడిగి చూశారు. సోమవారమని కొందరు, శుక్రవారమని కొందరు చెప్పారు. మన ‘ముందుకు జరిపారు’లోనూ ఇదే చిక్కుంది. ‘ముందు’ అంటే ఇంతకు మునుపు అనీ వస్తుంది, మనం నడిచి వెళ్లే వైపు అనీ వస్తుంది. అందుకే ఏ భాషలోనైనా పాత వేళ, కొత్త వేళ రెండూ చెప్పెయ్యడమే మంచిది: ‘ట్యూస్‌డేస్ క్లాస్ హ్యాజ్ బీన్ మూవ్డ్ ఫ్రమ్ 11 టు 9.’

‘క్లాస్ డిడ్ నాట్ హ్యాపెన్’ అనడం ‘క్లాసు జరగలేదు’కు నకలు. ఇక జరగదంటే ‘క్యాన్సెల్డ్’, తర్వాతెప్పుడో జరుగుతుందంటే ‘పోస్ట్‌పోన్డ్’, కొత్త వేళ ఖాయమైతే ‘రీషెడ్యూల్డ్’. పోయిన క్లాసుకు బదులు పెట్టేది ‘మేకప్ క్లాస్’. ముఖానికి వేసుకునే మేకప్‌తో దానికి సంబంధం లేదు, లోటు పూడ్చడమని అర్థం. రోజూ వచ్చే టీచర్ బదులు వచ్చేవారిని అమెరికా బళ్లలో ‘సబ్‌స్టిట్యూట్’, బ్రిటన్‌లో ‘సప్లై టీచర్’ అంటారు.

ప్రశ్న: అమెరికాలోని తెలుగు పిల్లలకు ఆన్‌లైన్‌లో కూచిపూడి నేర్పుతున్నాను. వేళల విషయంలో తల్లిదండ్రులతో తరచూ తేడాలు వస్తున్నాయి. మెసేజ్ ఎలా పెట్టాలి?
– నాట్యాచార్యిణి, విజయవాడ

జవాబు: మీ ఇబ్బందిలో భాష పాలు సగం, గడియారం పాలు సగం. అమెరికాలో మార్చి రెండో ఆదివారం గడియారాలు గంట ముందుకు తిప్పి, నవంబర్ మొదటి ఆదివారం వెనక్కి తిప్పుతారు. మన గడియారం మారదు. కాబట్టి న్యూజెర్సీ, అట్లాంటా ఉండే తూర్పు వేళకూ మనకూ తేడా వేసవిలో తొమ్మిదిన్నర గంటలు, చలికాలంలో పదిన్నర. డాలస్, షికాగోలకు పదిన్నర, పదకొండున్నర. కాలిఫోర్నియాకు పన్నెండున్నర, పదమూడున్నర. అరిజోనాలో చాలా భాగం గడియారం మార్చదు కాబట్టి అక్కడికి ఏడాదంతా పన్నెండున్నరే.

న్యూజెర్సీ పాపకు శనివారం సాయంత్రం ఏడున్నర క్లాసంటే జులైలో మీకు ఆదివారం తెల్లవారుజామున ఐదు, డిసెంబర్‌లో ఆరు. ‘సాటర్‌డే క్లాస్’ అని రాస్తే ఎవరి శనివారం? అందుకే రోజూ వేళా వాళ్లవి ముందు, మీవి తర్వాత రాయండి: ‘సాటర్‌డే, 7:30 పీఎం ఈస్టర్న్ టైమ్, విచ్ ఈజ్ సండే, 5:00 ఏఎం ఇన్ ఇండియా.’ వేసవిలో ‘ఈఎస్‌టీ’ అని రాయవద్దు. అందులో ‘ఎస్’ స్టాండర్డ్, అంటే చలికాలపు వేళ. ‘ఈస్టర్న్ టైమ్’ అని రాస్తే ఏడాది పొడుగునా సరిపోతుంది. మార్చి, నవంబర్ మార్పులకు వారం ముందే చెప్పండి: ‘యువర్ క్లాస్ టైమ్ స్టేస్ ద సేమ్.’ లేదా మీ వేళ మారకూడదనుకుంటే ‘స్టార్టింగ్ నవంబర్ 8, క్లాస్ విల్ బి ఎట్ 6:30 పీఎం ఈస్టర్న్.’ రెంటిలో ఏ పద్ధతి పాటిస్తారో చేర్చుకునేటప్పుడే తేల్చుకుంటే నవంబర్‌లో ఖాళీ తెర ముందు కూర్చునే పని ఉండదు.

తేదీలో నెల పేరు రాయండి. 03/04 అంటే మనకు ఏప్రిల్ మూడు, వాళ్లకు మార్చి నాలుగు. అర్ధరాత్రికీ మధ్యాహ్నానికీ 12 ఏఎం, 12 పీఎం అని కాక ‘మిడ్‌నైట్’, ‘నూన్’ అని రాయండి. ‘బైవీక్లీ’కి వారానికి రెండుసార్లు అనీ రెండు వారాలకోసారి అనీ రెండర్థాలూ నిఘంటువుల్లో ఉన్నాయి. ‘ట్వైస్ ఎ వీక్’ లేదా ‘ఎవ్రీ అదర్ వీక్’ అని విప్పి చెప్పండి. ‘నెక్స్ట్ ఫ్రైడే’ అంటే రాబోయేదా, దాని తర్వాతదా అని వాళ్లలో వాళ్లకే తేడాలొస్తాయి, తేదీ చేర్చండి.

మీ ‘డెమో క్లాస్’ను వాళ్లు ‘ట్రయల్ క్లాస్’ అంటారు. ‘వన్-టు-వన్’ను ‘వన్-ఆన్-వన్’ అంటారు. ‘45 మినిట్స్ క్లాస్’ కాదు, ‘ఎ 45-మినిట్ క్లాస్’. వేళ కుదురుతుందా అని అడగడానికి ‘ఆర్ యూ కన్వీనియంట్?’ అనకండి. అనుకూలంగా ఉండేది వేళ, మనిషి కాదు. ‘డస్ దట్ టైమ్ వర్క్ ఫర్ యూ?’ అనండి. మానేసిన క్లాసుల నియమం మొదటి మెసేజ్‌లోనే ఉండాలి: ‘ఇఫ్ యువర్ చైల్డ్ హ్యాజ్ టు మిస్ ఎ క్లాస్, ప్లీజ్ లెట్ మి నో ఎట్ లీస్ట్ 24 అవర్స్ అహెడ్, అండ్ వి విల్ షెడ్యూల్ ఎ మేకప్ క్లాస్.’

ప్రశ్న: మా అబ్బాయి ఇక్కడి బడిలో ఇయర్ 3లో చేరాడు. బడి నుంచి ‘హాఫ్ టర్మ్’, ‘ఇన్‌సెట్ డే’ అని మెసేజ్‌లు వస్తున్నాయి. ‘హాఫ్ త్రీ’కి రమ్మన్నారు. ఏమీ అర్థం కావడం లేదు.
– తెలుగు తల్లి, స్లౌ, ఇంగ్లండ్

జవాబు: ‘హాఫ్ టర్మ్’ ఒంటిపూట బడి కాదు. టర్మ్ మధ్యలో ఇచ్చే సెలవులు, మామూలుగా ఒక వారం. ‘ఇన్‌సెట్ డే’ అంటే టీచర్ల శిక్షణ రోజు. టీచర్లు వస్తారు, పిల్లలు రానక్కర్లేదు. బడి తెరిచే ఉంటుంది కాబట్టి ‘ఈజ్ ద స్కూల్ ఓపెన్?’ అని అడిగితే అవుననే అవకాశం ఉంది. ‘ఆర్ చిల్డ్రన్ ఇన్ టుమారో?’ అని అడగండి.

‘హాఫ్ త్రీ’ అంటే మూడున్నర. కొందరు రెండున్నర అనుకుంటారు. మన ‘మూడున్నర’ కూడా మూడు, దానిపై అర, అదే లెక్క. పావు తక్కువ మూడును కూడా వాళ్లు మనలాగే ‘క్వార్టర్ టు త్రీ’ అంటారు.

పిల్లాడికి బాగా లేకపోతే ఉదయాన్నే ఆఫీసుకు ఫోన్ చేసి పేరు, క్లాసు చెప్పి ‘హి వోంట్ బి ఇన్ టుడే. హి హ్యాజ్ ఎ టెంపరేచర్’ అనండి. ‘హి ఈజ్ హ్యావింగ్ ఫీవర్’ వద్దు. వాంతులు, విరేచనాలైతే చివరిసారి అయిన తర్వాత 48 గంటల పాటు బడికి పంపవద్దని అక్కడి ప్రభుత్వ వైద్య సేవల సంస్థ ఎన్‌హెచ్‌ఎస్ సూచన. ఆఫీసువాళ్లు ‘48 అవర్స్’ అనేది దాని గురించే. ‘సో కెన్ హి కమ్ బ్యాక్ ఆన్ థర్స్‌డే?’ అని రోజు పేరుతో అడిగి ఖాయం చేసుకోండి.

ప్రశ్న: ‘రైట్ ఎగ్జామ్’ తప్పా? పోర్షన్ ఎంతవరకో ఎలా అడగాలి?
– కెనడా వెళ్లబోతున్న విద్యార్థి, తిరుపతి

జవాబు: మీరు వెళ్లే దేశంలో తప్పు కాదు. కెనడావాళ్లు ‘రైట్ ఎన్ ఎగ్జామ్’ అంటారు. అమెరికాలో ‘టేక్’, బ్రిటన్‌లో ‘టేక్’ లేదా ‘సిట్’. ‘గివ్ ఎన్ ఎగ్జామ్’ అంటే మాత్రం పరీక్ష పెట్టేవారు చేసే పని, విద్యార్థిది కాదు. ‘పోర్షన్’ అంటే వాళ్లకు పళ్లెంలో వడ్డించేంత తిండి గుర్తొస్తుంది. ‘వాట్ విల్ ద ఎగ్జామ్ కవర్?’ అని అడగండి. ఐదో పాఠం ఉందా లేదా తేల్చుకోవాలంటే ‘ఈజ్ చాప్టర్ ఫైవ్ ఆన్ ద ఎగ్జామ్?’. బ్రిటన్‌లో అయితే ‘ఆన్’ బదులు ‘ఇన్’.